విజయవాడ అక్వేరియం షాపుల వాళ్లకు, ఆ తాబేళ్ల కళ్ల గురించి

విజయవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అక్వేరియం షాపులు నడుపుతున్న అన్నయ్యలకు, పొద్దుటి నుంచి రాత్రి దాకా కౌంటర్ దగ్గర నిలబడి పనిచేసే తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఏఎన్‌ఎంని. ఈ ఉద్యోగంలో చేరి 19 ఏళ్లయింది. 9 నెలలు నిండిన బిడ్డను తల్లి తీసుకొస్తే తట్టు టీకా వేసి, విటమిన్ ఎ సిరప్ ఒక ఎంఎల్ నోట్లో పోస్తాను. ఏడాదిన్నర వయసులో రెండు ఎంఎల్, అక్కడి నుంచి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి. మొత్తం 9 డోసులు. ఎందుకమ్మా ఇది అని అడిగే తల్లులకు నేను చెప్పే మాట ఒకటే. ఇది పడకపోతే బిడ్డకు రేచీకటి వస్తుంది, కంటిగుడ్డు ఎండిపోతుంది, చూపు పోతుంది. మన దేశంలో ఈ కార్యక్రమం 1970లో మొదలైంది. దాని వెనక హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పరిశోధన ఉంది. నా చిన్నప్పుడు మా ఊళ్లో దీపాలు పెట్టే వేళకి గోడలు తడుముకుంటూ నడిచే పిల్లలు ఉండేవాళ్లు. ఇప్పుడు నా డ్యూటీ ఏరియాలో అలాంటి పిల్లల్ని చూడను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈ ఉద్యోగం మీద ఎంతో గౌరవం కలుగుతుంది.

అలాంటి నా ఇంట్లోనే, విటమిన్ ఎ అందక ఒక ప్రాణి కళ్లు మూతపడి, తిండి కనబడక, చచ్చిపోయింది. అది తాబేలు. మీలాంటి ఒక షాపులో కొన్నది.

ఏ షాపో రాయను. ఆ తర్వాత నేను వేరే నాలుగు షాపులకు వెళ్లి, కొత్తగా తాబేలు కొనడానికి వచ్చినదానిలా అడిగి చూశాను. నాలుగు చోట్లా నాకు అదే ఎండు రొయ్యల డబ్బా చూపించారు, అవే మాటలు చెప్పారు. కాబట్టి ఒకరి పేరు చెప్పి మిగతావాళ్లను వదిలేయడం న్యాయం కాదు.

జరిగింది చెబుతాను. మా చిన్నవాడికి ఎనిమిదేళ్ల పుట్టినరోజు జూన్‌లో. కుక్కపిల్ల కావాలన్నాడు. ఇద్దరం ఉద్యోగాలకు పోయే ఇల్లు, కుదరదన్నాం. మా అత్తయ్య తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అంది. అలా వెళ్లి రెండు కొన్నాం. ఐదు రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దగా, పచ్చటి డిప్పతో, కళ్ల వెనక రెండు పక్కలా ఎర్రటి చారతో ముద్దుగా ఉన్నాయి. ఈ రకాన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. వాటితో పాటు ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న గిన్నె, ఎండు రొయ్యల డబ్బా. అన్నీ కలిపి 950 రూపాయలు. కౌంటర్ దగ్గరి అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు. "రెండు పూటలా చిటికెడు వెయ్యండి మేడమ్. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చండి. అంతే, వీటికి మెయింటెనెన్స్ ఏమీ ఉండదు." మా వాడు ఒకదానికి చిట్టి అని, ఇంకోదానికి బుజ్జి అని పేర్లు పెట్టాడు.

ఆ అబ్బాయి చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా చేశాం. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. మేం అశ్రద్ధ చేయలేదు. మీరు చెప్పినట్టే చేశాం.

నవంబర్ నెలాఖరులో ఒక పొద్దున చిట్టి కుడి కంటి రెప్ప ఉబ్బి కనిపించింది. నిద్రమత్తేమో అనుకున్నాం. నాలుగు రోజులకు రెండో కన్ను కూడా మూతపడింది. రెప్పలు చిన్న సెనగబద్దల్లా ఉబ్బిపోయాయి. మా వాడు తిండి నీళ్ల మీద వేస్తే, వాసనకు మెడ చాచేది, నోరు తెరిచి పక్కకు కొరికేది, ఏమీ దొరక్క మెడ లోపలికి లాక్కునేది. వాడు దాని ముక్కు దగ్గరికే తీసుకెళ్లి పెట్టేవాడు. "అమ్మా, దానికి కనబడట్లేదు" అని మొదట చెప్పింది వాడే. నేను కాదు.

షాపుకు తీసుకెళ్తే, "చలికాలం కదా మేడమ్, ఇన్ఫెక్షన్" అని ఒక చుక్కల మందు సీసా ఇచ్చారు. 120 రూపాయలు. తొమ్మిది రోజులు వేశాం. వేసిన వెంటనే మళ్లీ నీళ్లలో వదిలేవాళ్లం, ఎందుకంటే అలా వదలకూడదని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఒక పశువుల ఆసుపత్రికి వెళ్తే తాబేళ్లు మేం చూడం అన్నారు. ఇంకో మూడు రోజులు ఫోన్లు చేసి చేసి, పక్షులకూ తాబేళ్లకూ వైద్యం చేసే ఒక డాక్టరుగారిని పట్టుకున్నాం. ఆయన చిట్టిని అరచేతిలో పెట్టుకుని, నన్ను అడిగిన మొదటి ప్రశ్న కళ్ల గురించి కాదు. "ఏం పెడుతున్నారమ్మా?"

ఎండు రొయ్యలండీ అన్నాను. ఇంకా? ఇంకేమీ లేదండీ.

ఆయన రెప్పల కింద సెలైన్‌తో మెల్లగా కడిగి, లోపల పేరుకుపోయినదాన్ని తీశారు. తెల్లగా, గట్టిగా, జున్ను ముక్కలా ఉంది. మనకు పుండు పడితే చీము కారిపోతుంది. తాబేలుకూ బల్లికీ పాముకూ అలా కారదట, గడ్డకట్టి అక్కడే కూర్చుంటుందట. అందుకే పైనుంచి ఎన్ని చుక్కలు వేసినా దాన్ని కరిగించలేవు. చిట్టి నాలుగో రోజు చనిపోయింది. అప్పటికే ఊపిరితిత్తులకు కూడా పాకింది, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలుతుండేది. బుజ్జికి కూడా రెప్పల అంచులు ఉబ్బడం మొదలైందని, మేం గమనించనే లేదని డాక్టరుగారే చూపించారు. దాన్ని కాపాడగలిగారు. పూర్తిగా కళ్లు తెరవడానికి ఐదు వారాలు పట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కంటి లోపల, ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల దారుల్లో మెత్తటి తడి పొర ఒకటి ఉంటుంది. మనిషికైనా తాబేలుకైనా అంతే. ఆ పొర తడిగా, మెత్తగా ఉండాలంటే విటమిన్ ఎ కావాలి. అది అందకపోతే పొర చర్మంలా బిరుసెక్కి పొట్టు రాలుస్తుంది. తాబేలు కంటి దగ్గర కన్నీటి గ్రంథులు పెద్దవి. రాలిన పొట్టు ఆ గ్రంథుల సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది. గ్రంథి ఉబ్బుతుంది, రెప్ప ఉబ్బుతుంది, కన్ను మూతపడుతుంది. ఆ మూసిన రెప్ప కింద సూక్ష్మజీవులు చేరతాయి. అంటే ఇన్ఫెక్షన్ ఉన్న మాట నిజమే, షాపు అబ్బాయి పూర్తిగా అబద్ధం చెప్పలేదు. కానీ అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది లోపం. తాబేలు తిండిని ముఖ్యంగా కంటితో చూసి పట్టుకుంటుంది. కన్ను మూతపడితే తినదు, తినకపోతే లోపం ఇంకా పెరుగుతుంది. కొన్నిటికి ఆ ఎర్రచార దగ్గర, చెవి ఉండే చోట, గోలీకాయంత గడ్డ లేస్తుంది. దానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

మీరు అనే మాట నాకు తెలుసు. "మా దగ్గర ఉన్నప్పుడు బాగానే ఉంది మేడమ్." నాకూ అదే చెప్పారు. అది నిజం కూడా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు తాబేలు పిల్ల తల్లి ఇచ్చిన విటమిన్ ఎ కొంత పచ్చసొన ద్వారా తెచ్చుకుని కాలేయంలో దాచుకుంటుంది. కొన్ని నెలల పాటు ఆ నిల్వ మీదే బతుకుతుంది. మీ తొట్టిలో ఉండే రోజుల్లో ఎండు రొయ్యలే తిన్నా దాని కళ్లు మిలమిలా మెరుస్తూనే ఉంటాయి. నిల్వ అయిపోయేది మా ఇంటికి వచ్చాక. అందుకే కళ్లు ఉబ్బిన తాబేలు మీకు కనబడదు, నూటికి తొంభై మంది మీ దగ్గరికి తిరిగి రారు కూడా. "పోయిందిలే, చిన్న ప్రాణం" అనుకుని పెరట్లో పూడ్చిపెడతారు. మీ కళ్లెదుట జరగదు కాబట్టి, మీరు అమ్మిన డబ్బా వల్ల జరిగిందని మీకు తెలిసే దారే లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది దానికే. దాని కళ్లు కాపాడగలిగే క్షణం ఒక్కటే ఉంది. మేం డబ్బులు ఇచ్చి, మీరు డబ్బా చేతిలో పెట్టే ఆ క్షణం.

ఎండు రొయ్యల డబ్బా మీద బొమ్మగా తాబేలే ఉంటుంది, పెద్ద అక్షరాల్లో టర్టిల్ ఫుడ్ అనే ఉంటుంది. చూసినవాళ్లు అదే దాని భోజనం అనుకుంటారు. అది భోజనం కాదు, మన పిల్లలకు చిరుతిండి లాంటిది. అన్నం మానేసి రోజూ మూడు పూటలా మరమరాలే పెడితే పిల్లాడు ఏమవుతాడో, తాబేలు అదే అవుతుంది. పైగా కొన్ని షాపుల్లో పెద్ద సంచి కొని, చిన్న చిన్న పాలిథిన్ కవర్లలో కట్టి, తలుపు దగ్గర ఎండ తగిలే చోట వేలాడదీస్తున్నారు. వెలుతురు, గాలి, వేడి తగిలితే విటమిన్ ఎ చచ్చిపోతుంది. మా ఆరోగ్య కేంద్రంలో ఆ సిరప్ రంగు సీసాలో వస్తుంది, మూత తీసిన తేదీ సీసా మీద రాస్తాం, ఎండ తగలని చోట పెడతాం. మంచి కంపెనీ పెల్లెట్లు, అంటే గుళికల్లా ఉండే తిండి, తెచ్చినా, వాటిని విప్పి లూజుగా అమ్మితే అందులో ఉన్న మేలు సగం పోతుంది. దయచేసి సీలు ఉన్న డబ్బానే ఇవ్వండి, తేదీ చూసి ఇవ్వండి.

ఏం పెట్టాలో డాక్టరుగారు చెప్పింది, మేం ఇప్పుడు పెడుతున్నది రాస్తాను. రోజూ పెట్టేది తాబేళ్ల కోసం తయారుచేసిన పెల్లెట్లు. వారంలో రెండు మూడు రోజులు వానపాము, లేదా పేగూ కాలేయమూ తీయని చిన్న పచ్చి చేప. కాలేయంలోనే విటమిన్ ఎ ఉంటుంది కాబట్టి శుభ్రం చేసిన చేప ముక్క కన్నా చిన్న చేప మొత్తంగా పెట్టడం మేలు. వీటితో పాటు తోటకూర, మునగాకు, తురిమిన కారెట్, గుమ్మడి. కూరగాయల్లో ఉండేది విటమిన్ ఎ కాదు, దాని ముడిసరుకు. తాబేలు ఒంట్లో అది మారాలి. అందుకే ఆకుకూర ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. చిన్నప్పుడు ఇవి మాంసమే ఇష్టపడతాయి, పెద్దవయ్యేకొద్దీ ఆకు వైపు మళ్లుతాయి. బుజ్జి మొదట పది రోజులు కారెట్ వైపు చూడలేదు. మా అత్తయ్య ఓపిగ్గా రోజూ సన్నగా తురిమి వేసేది. ఇప్పుడు కారెట్ గిన్నె కనబడితే నీళ్లలోంచి మెడ ఎత్తి చూస్తుంది. ఎండు రొయ్యలు కూడా పూర్తిగా మానలేదు, ఆదివారం రెండు వేస్తాం.

చుక్కల మందు గురించి గట్టిగా అడుగుతున్నాను. తాబేలు కళ్లు ఉబ్బాయని ఎవరైనా వస్తే, దయచేసి సీసా ఇచ్చి పంపకండి. ఉబ్బిన కన్నంతా విటమిన్ లోపం కాదు. మురికి నీళ్లలో పేరుకునే అమ్మోనియా వల్ల ఉబ్బవచ్చు, కుళాయి నీళ్లలోని క్లోరిన్ మంట వల్ల కావచ్చు, పక్క తాబేలు గోరు గీసుకుని నల్లగుడ్డు మీద పుండు పడి ఉండవచ్చు, ఇసుక రేణువు ఇరుక్కుని ఉండవచ్చు. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే పుండు లోతుకు పోతుంది, కన్నే పోతుంది. చూడకుండా ఏ మందో చెప్పడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. 19 ఏళ్ల సర్వీసు ఉన్న నేను మనిషి కంట్లో కూడా డాక్టరు రాయనిదే చుక్క వేయను. ఆ రెప్పలను ఇంట్లో పుల్లతోనో గోరుతోనో విప్పే ప్రయత్నం కూడా చేయొద్దని చెప్పండి. వాటి కింద గుడ్డు చిరిగిపోతుంది. డాక్టరు చుక్కలు రాస్తే, వేసిన తర్వాత అరగంట నుంచి గంట దాకా పొడిగా, వెచ్చగా ఉండే డబ్బాలో ఉంచి అప్పుడు నీళ్లలో వదలాలి. అలాగని రోజంతా నీళ్లకు దూరంగా ఉంచకూడదు. ఈ రకం తాబేలు నీళ్లలోనే మింగగలదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. విటమిన్ ఎ లోపం అని డాక్టరుగారు చెప్పగానే నా మనసు నా బ్యాగులో ఉన్న సిరప్ మీదికి పోయింది. ఒక్క చుక్క వేస్తే చాలు కదా, పిల్లలకే పోస్తున్నాం కదా అనిపించింది. ఆయన్నే అడిగాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. మా సిరప్ ఒక ఎంఎల్‌లో లక్ష యూనిట్లు. ఒక చుక్క అంటే సుమారు ఐదు వేలు. ఆయన ఇచ్చే ఇంజెక్షన్ కిలో బరువుకు వెయ్యి, రెండు వేల యూనిట్ల లెక్కన. చిట్టి బరువు 40 గ్రాములు. అంటే దానికి కావలసింది 40 నుంచి 80 యూనిట్లు. నా ఒక్క చుక్క అరవై రెట్ల పైమాట. మోతాదు మించితే తాబేలు చర్మం పొరలు పొరలుగా ఊడి, పచ్చి పుండై పోతుందట. ఇంతకాలం మందు కొలిచి పోసిన నా చేతికే అంత తప్పు తోచింది. ఇంటర్నెట్‌లో చూసి క్యాప్సూల్ గిల్లి నోట్లో పిండేవాళ్ల సంగతి ఊహించండి. మీరు విటమిన్ డ్రాప్స్ అని అమ్మే సీసాలు కూడా దయచేసి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకండి.

తర్వాత బల్బు. మాకు అసలు బల్బు సంగతే ఎవరూ చెప్పలేదు. తాబేలు ఒంట్లో సొంత వేడి ఉండదు, బయటి వేడితోనే అరుగుదలా, జబ్బును తట్టుకునే శక్తీ నడుస్తాయి. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, నీళ్లలోంచి పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకునే చోటు 32 డిగ్రీల దాకా ఉండాలి. విజయవాడ ఎండలకు వేడి కొరవేమిటి అనుకుంటారు. మా హాల్లో రాత్రంతా ఏసీ నడుస్తుంది, తాబేలు గిన్నె టీవీ పక్కనే. డిసెంబర్ రాత్రుల్లో ఆ గిన్నెలో నీళ్లు ముట్టుకుంటే చేతికి చల్లగా తగిలేవి. దానికి తోడు ఎండలో ఉండే యూవీబీ అనే కిరణాలు కావాలి, లేకపోతే డిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అవి ఉండవు, అద్దం ఆపేస్తుంది.

ఈ యూవీ మాట దగ్గర ఒక ప్రమాదం ఉంది, మీకే బాగా అర్థమవుతుంది. మీ షాపుల్లో చేపల తొట్టి నీళ్లు పచ్చబడకుండా శుద్ధి చేసే యూవీ ల్యాంపు ఉంటుంది. అది సూక్ష్మజీవుల్ని చంపే యూవీసీ. దాన్ని పైపులోనో డబ్బాలోనో మూసి వాడాలి. తాబేలుకు కావలసింది యూవీబీ, వేరే బల్బు. ఒక షాపులో నేను తాబేలుకు యూవీ బల్బు కావాలని అడిగితే ఆ శుద్ధి ల్యాంపే తీసి ఇవ్వబోయారు. దాన్ని తాబేలు నెత్తిన వెలిగిస్తే కళ్లు కాలిపోతాయి, చూసే పిల్లల కళ్లూ కాలతాయి. యూవీబీ బల్బును కూడా మరీ దగ్గరగా పెడితే కళ్లు మండి మూసుకుంటాయి. డబ్బా మీద ఎంత దూరం రాసి ఉంటే అంత దూరం పెట్టమని చెప్పండి.

ఆ గిన్నె, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. అందులో లీటరు నీళ్లు పట్టవు. తాబేలు తిన్నదీ విసర్జించినదీ అందులోనే, వారానికి రెండుసార్లు మార్చే నీళ్లలో. అది కళ్లు తెరిచి ఈదేది ఆ నీళ్లలోనే. మీరే ఫిల్టర్ లేకుండా మీ చేపల్ని ఒక్క రోజు ఉంచరు. తాబేలు చేప కన్నా ఎక్కువ మురికి చేస్తుంది. దాన్ని మటుకు గిన్నెలో పెట్టి ఇస్తారు. కొనడానికి వచ్చినవాడు తొట్టి, ఫిల్టర్, హీటర్, బల్బు అంటే బెదిరి వెళ్లిపోతాడని మీ భయం. వెళ్లిపోతే పోనివ్వండి. మేం చిట్టి మీద ఖర్చు పెట్టినది చివరికి తొట్టి ఖరీదు దాటింది. ముందే చెప్పి ఉంటే ఆ డబ్బు మీకే ఇచ్చేవాళ్లం.

అసలు ఇంత చిన్న పిల్లల్ని అమ్మడం గురించే నాకు అభ్యంతరం ఉంది. అమెరికాలో, వీటి పుట్టిల్లు అక్కడి మిసిసిపీ నది వైపే, డిప్ప 4 అంగుళాల కన్నా చిన్నగా ఉన్న తాబేలును పెంపుడు ప్రాణిగా అమ్మకూడదని 1975లోనే నిషేధించారు. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, చిన్న పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, అందుకని. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి అమ్మేటప్పుడు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలని, గిన్నె వంటింటి సింకులో కడగకూడదని చెప్పడానికి మీకు అర నిమిషం పడుతుంది. ఆరోగ్య కార్యకర్తగా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఇది బిళ్లంతే ఉండిపోతుందనే అందరూ అనుకుంటారు. ఆడ తాబేలు అడుగు దాకా పెరుగుతుంది, ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. పెరిగాక ఏం చేయాలో తెలియక జనం బందరు కాలువలోనో, గుడి కోనేట్లోనో వదిలి దండం పెట్టుకుని వస్తున్నారు. అక్కడి మన తాబేళ్ల తిండినీ చోటునూ ఇది లాక్కుంటుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే వంద పరాయి జాతుల జాబితాలో దీని పేరు ఉంది. యూరప్ దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. కేరళలో 2021లో ఒక కాలువలో ఇది దొరికితే, పీచీలో ఉన్న అటవీ పరిశోధన సంస్థ వాళ్లు ఇళ్లల్లో ఉన్నవి తెచ్చి ఇవ్వమని జనాన్ని కోరారు. పెంచలేనివాళ్లు మీ షాపుకే తిరిగి తెచ్చి ఇచ్చే ఏర్పాటు మీరు చేయండి. డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు, తీసుకుంటే చాలు.

నక్షత్ర తాబేలు కావాలని, కలిసొస్తుందని అడిగేవాళ్లు కూడా మీ దగ్గరికి వస్తుంటారని నాకు తెలుసు. అది మన అడవి ప్రాణి. అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే, జైలుకు పోతారు. దాని గురించి ఇంతకన్నా రాయను. మా అత్తయ్యది శ్రీకాకుళం. చిన్నప్పటి నుంచి శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుడికి మొక్కిన మనిషి. చిట్టి పోయిన రోజు ఆవిడ అన్నం తినలేదు. "మనం తెచ్చుకోకపోతే బతికేదేమో" అని ఒకటే మాట. ఆవిడ ఇప్పుడు తన అక్కచెల్లెళ్లకు ఫోన్ చేసి, కలిసొస్తుందని ఎవరైనా చెబితే తాబేలు కొనొద్దని చెబుతోంది.

మీ వ్యాపారం మూసుకోమని నేను అనడం లేదు. మీరు అద్దెలు కట్టాలి, కరెంటు బిల్లులు కట్టాలి, పిల్లల్ని చదివించాలి. 2018 నుంచి పెంపుడు ప్రాణుల షాపులకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ కేంద్రం నిబంధనలు తెచ్చింది. అది మీలో ఎంతమంది చేయించుకున్నారో నేను ఆరా తీయను, కంప్లయింట్ పెట్టడానికి తిరగను. బోర్డు మనిషి వచ్చి రాసుకుపోతే ఆ ఒక్క రోజు తొట్టి శుభ్రంగా ఉంటుంది. కౌంటర్ దగ్గర నిలబడే తమ్ముడికి తెలిస్తే రోజూ ఉంటుంది. అందుకే ఉత్తరం మీకు రాశాను, పై అధికారులకు కాదు.

తాబేలు కొన్న ప్రతి మనిషికి ఒక కార్డు ఇవ్వండి. పోస్టుకార్డంత కాగితం, తెలుగులో. ఏం పెట్టాలి, ఎలాంటి బల్బు, నీళ్లు ఎప్పుడు మార్చాలి, కన్ను ఉబ్బితే ఎవరికి చూపించాలి. ఆ చివరి వరుసలో తాబేళ్లను చూసే డాక్టరు నంబరు ఉండాలి. అది మీరు కనుక్కోవాలి, ఎందుకంటే ప్రాణి అవస్థ పడుతున్నప్పుడు కనుక్కునేసరికి మాకు మూడు రోజులు పట్టింది. కార్డులో రాయాల్సింది నేను రాసి డాక్టరుగారికి చూపించి దిద్దించాను. మొదటి వెయ్యి కార్డులు నా ఖర్చుతో అచ్చు వేయించాను, మా ఇంట్లో ఉన్నాయి. వచ్చే ఆదివారం నుంచి ఒక్కో షాపుకు తీసుకొస్తాను. వద్దంటే తిరిగి వెళ్తాను, గొడవ పడను.

ఇంకొక్కటి. మొన్న గురువారం సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ మీలో ఒకరి షాపు ముందు ఆగాను. నీలం రంగు టబ్బులో ముప్ఫై దాకా తాబేలు పిల్లలు ఉన్నాయి. మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే, ఎడమ మూల, ఫిల్టర్ పైపు పక్కన ఒకటి కదలకుండా ఉంది. రెండు కళ్లూ మూసుకుని ఉంది. నేను చూపిస్తే అక్కడి అబ్బాయి నిద్రపోతోంది మేడమ్ అన్నాడు. నిద్రపోయే తాబేలు వేలు తగిలితే కళ్లు తెరుస్తుంది. నేను తాకి చూశాను. అది కళ్లు తెరవలేదు, మెడ మాత్రం నా వేలు ఉన్న వైపు కాకుండా అటు తిప్పింది. టబ్బు ఏ షాపుదో మీకు తెలుస్తుంది. దాన్ని ఇవాళే వేరే తొట్టిలోకి తీసి, వెచ్చగా పెట్టి, డాక్టరుకు చూపించండి. డాక్టరు ఫీజు నేను ఇస్తాను.

ఇట్లు,
ఒక ఏఎన్‌ఎం,
విజయవాడ